హక్కుదారు లేని రెండు నిమ్మచెట్లు

ఈ సంగతి రాసిపెట్టాల్సిన అవసరం మా శాఖా గ్రంథాలయంలో కలిగింది. ఉద్యోగం విరమించి ఊరికి వచ్చాక నా సాయంత్రాలన్నీ అక్కడే గడుస్తున్నాయి. ఒకరోజు మాటల్లో ఒమన్ వ్యవసాయం గురించి చెప్పబోతే గ్రంథపాలకురాలు సరోజ నవ్వింది. "ఇసుకల ఏం పండుతది సార్? మావోళ్ళు గూడ పోయొచ్చిన్రు. క్రేన్లు, బిల్డింగులు తప్ప ఎవ్వరేం చెప్పలే" అంది. ఆమె అన్నది నిజమే. గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన మావాళ్ళ కథల్లో సైటు, క్యాంపు, రూమ్, డ్యూటీ ఉంటాయి. అక్కడ కూడా పల్లెలున్నాయని, వాటిలో నీటికి వంతులు, చెట్లకు హక్కులు ఉన్నాయని, ఆ హక్కుల చిక్కు ఒకటి తీర్చడానికి జావా దీవి ఆచారం అక్కరకు వచ్చిందని చెప్పేవాళ్ళు లేరు. నేను చూశాను. చూసినవాడు రాయకపోతే అది జరగనట్టే అవుతుంది.

1991 చలికాలంలో నన్ను మస్కట్ కార్యాలయం నుంచి కొండల అవతలి ఒక పల్లెకు పంపారు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. నేను అప్పటికి సర్వేయర్ హోదాలో ఉన్నాను. ఆ హోదాకు నేను చదువు దారిన రాలేదు. పదో తరగతి తర్వాత నన్ను చదివించినవి గ్రంథాలయాలే. పెద్దపల్లి వైపు మా ఊళ్ళో కాలువ పనుల దగ్గర కొలత గొలుసు పట్టడంతో మొదలుపెట్టాను. మస్కట్‌లోని రూవిలో ఉన్నప్పుడు శుక్రవారాలు అందరూ మత్రా బజారుకు పోతే నేను నిఘంటువు చంకన పెట్టుకుని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. త్రికోణమితి అక్కడే నేర్చుకున్నాను. అక్కరకు రాని పుస్తకాలు కూడా అక్కడే చదివాను. ఆ రెండో రకం చదువు ఉద్యోగంలో ఎప్పుడు పనికొస్తుందో ముందుగా చెప్పలేం.

మా బృందానికి పెద్ద ఇంజినీరు ప్రసాదరావు గారు, తూర్పు గోదావరి మనిషి. ఆయన కింద నేను. నా కింద చైన్‌మన్ మల్లేశ్ గౌడ్, జగిత్యాల దగ్గరివాడు. చైన్‌మన్ అంటే కొలత కర్ర నిలబెట్టేవాడు, మేకులు దిగ్గొట్టేవాడు, ముళ్ళకంపలోకి ముందుగా దిగేవాడు.

పని ఇది. కొత్తగా వేయబోయే రోడ్డు మధ్యగీతను ముందు కాగితం మీద గీస్తారు. దాన్ని అలైన్‌మెంట్ అంటారు. ఆ గీతకు అటూ ఇటూ కొంత వెడల్పు కలిపితే ఒక పట్టీ వస్తుంది. ఆ పట్టీలో పడే ప్రతి గోడను, ఇంటిని, చెట్టును, కాలువను కొలిచి పటం మీద ఎక్కించాలి. ప్రతిదాని ఎదుట యజమాని పేరు రాయాలి. చివరి రోజు ఊరి పెద్దల సభలో పట్టికను బిగ్గరగా చదివి, ఎవరి వరుస దగ్గర వాళ్ళ సంతకం తీసుకోవాలి. ఒక్క సంతకం తగ్గినా పటం మూసినట్టు కాదు. మూయని పటాన్ని మస్కట్‌లో పక్కన పడేస్తారు. ఊరి పక్కనున్న ఏటికి అవతలి ఒడ్డున ఇంకో అలైన్‌మెంట్ అప్పటికే గీసి సిద్ధంగా ఉంది. అది ఈ ఊరిని తాకదు.

ఊరిని మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పాలి. ఎర్రటి బోడి కొండల మధ్య దోసిలి పట్టినట్టు ఖర్జూర తోటలు. వాటి నీడలో అరటి, నిమ్మ, పశువుల గడ్డి. అన్నింటి మధ్య గలగలమంటూ ఒక సన్నని కాలువ. దాన్ని ఫలజ్ అంటారు. కొండ అడుగున ఎక్కడో తవ్విన బావి నుంచి సొరంగంలో వచ్చి ఊరి తలాపున బయటపడుతుంది. బయటపడిన చోట తాగడానికే. తర్వాత మసీదు, తర్వాత స్నానాల గదులు, ఆ తర్వాతే తోటలు. తోటల్లో ఎవరి నీటి వంతు ఎప్పుడో చూసే మనిషిని అరీఫ్ అంటారు. ఆ ఊరి అరీఫ్ హమద్ అనే సన్నటి ముసలాయన. ఒక కర్రను నేలలో పాతి, దాని నీడ రాళ్ళ గుర్తులను దాటడం చూసి వంతులు మార్చేవాడు. మల్లేశ్ ఆయన్ను చూడగానే "అన్నా, మన నీరటోడు గిక్కడెట్ల దొరికిండే!" అని కేక పెట్టాడు. మా వైపు చెరువు కింద పొలాలకు నీళ్ళు పంచే నీరటి కూడా సరిగ్గా అలాగే గట్టు మీద కూచుని అందరి చేత తిట్లు తినేవాడు.

మేము బస చేసింది అబూ నాసర్ ఇంటి పక్కన ఉన్న అతిథి గదిలో. నాసర్ తండ్రి అని అర్థం. ఊరంతా అలాగే పిలిచేది. ఆయన యౌవనంలో బొంబాయికి ఖర్జూరం పడవల మీద తిరిగినవాడు కాబట్టి హిందీ ధారాళంగా వచ్చు. పెద్ద తోట ఆయనదే. మంచానపడ్డ ఆయన తల్లిని చూసుకోవడానికి, వంటకు ఆ ఇంట్లో ఒక ఆమె ఉండేది. పేరు సుమినా. జావా మనిషి, నలభై దాటిన వయసు, గుండ్రటి ముఖం, నోరు మూతపడదు. అరబ్బీ, హిందీ కలిపి తనకు తానే ఒక భాష తయారుచేసుకుంది. అది అందరికీ అర్థమయ్యేది. నా తిపాయి పరికరాన్ని చూసి మొదటి రోజే నాకు "మూడుకాళ్ళ ముహందిస్" అని పేరు పెట్టింది. ముహందిస్ అంటే ఇంజినీరు. పరికరం పట్టుకున్న ప్రతివాడూ వాళ్ళకు ఇంజినీరే.

ఆమెది జావా అని తెలియగానే నా గ్రంథాలయం లోపల కదిలింది. రూవిలో జావా పల్లెల మీద లావుపాటి పుస్తకం ఒకటి చదివాను. మొదట బొమ్మల్లోని వరి మళ్ళు మా ఊరివిలా ఉన్నాయని తీశాను, తర్వాత వదల్లేకపోయాను. కాఫీ పళ్ళెం తెచ్చినప్పుడు నేను కొంచెం గర్వంగానే అడిగాను: "మీ దగ్గర ఊళ్ళో మనుషులు మూడు రకాలు కదా? వరి పొలం ఉన్నవాళ్ళు, పొలం లేకుండా ఇంటి పెరడు మాత్రం ఉన్నవాళ్ళు, ఇంకొకరి పెరట్లో ఇల్లు మాత్రం ఉన్నవాళ్ళు?"

ఆమె రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "మా ఊరు పుస్తకంలో ఉందా?"

"మీ ఊరే కాదు, అలాంటి ఊరు."

"మా మేనత్త ఉందా?"

"లేదు."

"అయితే అది సగం పుస్తకం. మా మేనత్త లేకుండా మా ఊరు లేదు" అని పళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది. మల్లేశ్ పడీపడీ నవ్వాడు. "ఇంకా సదువు అన్నా, ఇంకా సదువు."

కానీ మర్నాటి నుంచి ఆమే వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. వంటగది గడప దగ్గర నిలబడి, లోపల అబూ నాసర్ భార్య ఉమ్మ్ నాసర్ వింటూ ఉండగా, మధ్యమధ్య లోపలికి కూడా ఏదో జవాబు చెబుతూ మాట్లాడేది. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకచోట, చుట్టూ వరి మళ్ళు. దూరం నుంచి చూస్తే నీళ్ళలో తేలే చెట్ల గుంపులా ఉంటుందట. ప్రతి ఇంటి పెరట్లో కొబ్బరి, అరటి, పనస, కోళ్ళు. ఊరి పెద్దకు జీతం ఉండదు, పదవిలో ఉన్నంత కాలం దున్నుకోవడానికి పొలం ఇస్తారు. అది వినగానే నేను, మల్లేశ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా నీరటికి ఇచ్చే ఇనాం మడి అలాంటిదే.

సుమినా వాళ్ళది మూడో రకం. పొలం లేదు, పెరడు లేదు. ఇంకొకరి పెరట్లో వెదురు తడికల ఇల్లు. "మా ఇల్లు ఒకసారి నడిచింది" అంది.

"ఇల్లు నడుసుడేంది?" అన్నాడు మల్లేశ్. నేను హిందీలోకి మార్చి చెప్పేలోపే ఆమె అందుకుంది.

"నడిచింది! ఊళ్ళో మగవాళ్ళందరూ వచ్చారు. వాసాల కింద వెదురు బొంగులు పెట్టి, ఒక్కసారిగా ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. గోడలు, కప్పు, మొత్తం. నేను చిన్నదాన్ని, లోపల నుంచి దిగమంటే దిగలేదు. కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. ఊరంతా నా కిటికీ ముందు నుంచి పోయింది. మా అమ్మ వెనక నుంచి పొయ్యిరాళ్ళు మోస్తూ నన్ను తిడుతూ వచ్చింది. వాళ్ళందరికీ అన్నం పెట్టాం. అంత పెద్ద పండుగ మా ఇంట్లో మళ్ళీ జరగలేదు."

ఇల్లు మనదైనా నేల మనది కానప్పుడు ఇల్లు కూడా సామాను లాంటిదే. పుస్తకంలో ఈ మాట ఒక వాక్యంలో ఉంది. కిటికీలో కూచున్న పిల్ల అందులో లేదు.

వరికోత గురించి ఇంకా బాగా చెప్పింది. అరచేతిలో దాగేంత చిన్న కత్తితో ఒక్కొక్క కంకినే కోస్తారట. పెద్ద కత్తి చూస్తే వరి తల్లి బెదురుతుందట. పొలం ఎవరిదైనా కోతకు ఊళ్ళో ఎవరైనా రావచ్చు. వచ్చినవాళ్ళను వెనక్కి పంపడం మర్యాద కాదు. కోసింది పొలం ఆసామి వాకిట్లో పోస్తే, ఆసామి ఇల్లాలు కూచుని కుప్పలు విడదీసి, కోసినవాళ్ళకు వాటా ఇస్తుంది. "పొలం లేకపోయినా మేము అన్నం తిన్నది అందువల్లే. ఇప్పుడు కొడవళ్ళు వచ్చాయి, చేను మొత్తం కొనే బేరగాళ్ళు వచ్చారు, పిలిస్తేనే పోవాలి" అంది. ఆ ఒక్కసారే ఆమె గొంతు తగ్గింది. వెంటనే లోపలి నుంచి ఏదో మాడుతున్న వాసన వచ్చి పరుగెత్తింది.

ఇక్కడ ఆ ఊరి ఆస్తుల తీరు కూడా చెప్పాలి. మాకు అలవాటైన లెక్కలో నేల ఎవరిదైతే దాని మీది చెట్టు, దానికి పారే నీరు వాళ్ళవే. ఆ ఊళ్ళో మూడూ మూడు ఆస్తులు. తోట ఒకరిది, అందులో నాలుగు ఖర్జూరాలు అల్లుడివి, నీటి వంతు పక్కింటివాళ్ళది కావచ్చు. ఎవరిది వాళ్ళు అమ్ముకోవచ్చు. మా పట్టికలో యజమాని పేరుకు ఒకే గడి. ప్రసాదరావు గారు మొదటి రోజే ఆ గడిలో సన్నగా రెండు గీతలు గీసి దాన్ని మూడు చేశారు. "డెల్టాలో పుట్టినవాణ్ణి, నేలే సర్వం అనుకునేవాణ్ణి. ఇక్కడ చెట్టుకో పట్టాదారు ఉన్నాడయ్యా రాజలింగం" అని ఆశ్చర్యపోయారు. మల్లేశ్‌కు మాత్రం ఇందులో వింత ఏమీ కనిపించలేదు. "మా తాత కల్లు గీసిన తాళ్ళన్నీ పటేల్ పొలం గట్ల మీదనే ఉండె. పొలం పటేల్‌ది, తాడు మాది. ఇందుల ఏమున్నది సార్?" అన్నాడు.

పని హాయిగా సాగింది. తోట గోడ బయట, బండ్ల దారి పక్కన, అబూ నాసర్ నేల మూలలో రెండు నిమ్మచెట్లు ఉన్నాయి. గుబురుగా, నిండా కాయలతో. రెండూ రోడ్డు పట్టీలో పడ్డాయి. నేను నేల గడిలోను చెట్టు గడిలోను అబూ నాసర్ పేరే రాశాను. అడగాల్సిన అవసరం తోచలేదు.

సభ రోజు ఉదయం మగవాళ్ళందరూ అతిథి గదిలో గోడలకు ఆనుకుని కూచున్నారు. ఖర్జూరాలు, కాఫీ తిరిగాయి. ప్రసాదరావు గారు హిందీలో చదువుతుంటే అబూ నాసర్ అరబ్బీలో తిరిగి చెప్పేవాడు. ఒకరి తర్వాత ఒకరు సంతకాలు చేశారు, కొందరు వేలిముద్ర వేశారు. చివరికి అబూ నాసర్ వరుస వచ్చింది. "నిమ్మచెట్లు రెండు" అనగానే ఆయన చేయి ఎత్తాడు.

"నావి కావు."

"మీ నేలలోనే ఉన్నాయి కదండీ?"

"నేల నాది. చెట్లు సుమినావి. ఆమె నాటింది, ఆమె పెంచింది. నాది కానిదాని ఎదుట సంతకం పెట్టి దేవుడికి ఏం చెప్పుకోను?"

సరే, పేరు మారుద్దామని సుమినాను గుమ్మం దగ్గరికి పిలిపించారు. ఆమె గబగబా చేతులు అడ్డంగా ఊపింది. "నావి కావు, నావి కావు! బాబా నేల, బాబా చెట్లు. నేను గింజ పడేశాను, అంతే." అబూ నాసర్‌ను ఆమె బాబా అనేది.

"గింజ పడేసిందట! నాలుగేళ్ళు వాటికి పాట పాడి నీళ్ళు పోసింది" అన్నాడు అరీఫ్ హమద్. గది అంతా నవ్వింది. సుమినా నవ్వలేదు.

నా ఉద్యోగంలో ఒకే చెట్టుకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు వచ్చి చొక్కాలు పట్టుకోవడం చూశాను. ఎవ్వరూ రాని చెట్టును చూడటం అదే మొదలు. ప్రసాదరావు గారు కలం మూసి తెలుగులో నాతో అన్నారు: "ఇదేం గొడవయ్యా బాబూ! నాది, నాది అంటే తీర్చగలను. నాది కాదు, నాది కాదు అంటే ఏం రాయను?"

"రెండు చెట్ల కోసం ఊరి రోడ్డు అవతలి ఒడ్డుకు పోతదా సార్?" అన్నాడు మల్లేశ్. అదే అందరి మనసులోనూ ఉంది. అబూ నాసర్ సంతకం లేకపోతే పటం మూతపడదు. కానీ ఆయన కదలడు.

ఊరికి ఇంకొక కట్టుబాటు ఉంది. అందరి పని కోసం ఎవరి చెట్టు పోయినా, ఆ మనిషికి కాలువ వెంట వేరే చోటు, దానికి సరిపడా నీటి వంతు ఇచ్చి, చెట్టుకు చెట్టు పెట్టుకోనిస్తారు. సభలో చెట్టు యజమానిగా ఒప్పుకున్నవాళ్ళకే ఆ చోటు. సుమినా కాదంటే ఆమె చెట్లు నరికేస్తారు, అక్కడితో సరి. పుట్టి బుద్ధెరిగాక ఆమె నాటి పెంచినవి ఆ రెండే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటగది గడప దగ్గరికి వెళ్ళాను. ఉమ్మ్ నాసర్ లోపల ఉంది. సుమినా గిన్నెలు తోముతూ నా వైపు చూడలేదు.

"ఎందుకు కాదంటున్నావు?"

తోమడం ఆపకుండానే చెప్పింది. "మా ఇల్లు ఎందుకు నడిచిందో నువ్వు అడగలేదు, మూడుకాళ్ళ ముహందిస్. ఆ పెరట్లో మా నాన్న ఒక కొబ్బరిచెట్టు నాటాడు. కాపుకు వచ్చాక ఆ చెట్టు నాది అన్నాడు. పెరడు ఆసామి, నీదైతే నెత్తిన పెట్టుకుని పో అన్నాడు. చెట్టును నెత్తిన పెట్టుకోలేం కదా. ఇల్లు పెట్టుకుని పోయాం."

ఆమె గిన్నె బోర్లించింది. "ఇంకొకరి పెరట్లో ఉండేవాళ్ళు పళ్ళు తినొచ్చు. నాది అనకూడదు. అంటే వెళ్ళిపోవాలి. నాకు ఇక్కడ బాగుంది."

ఆ ఇల్లు నడిచిన కథను నేను పండుగగా విన్నాను. ఆమెకు అది పండుగే. వాళ్ళ నాన్నకు కాదు.

సుమినా చెప్పిందంతా ఉమ్మ్ నాసర్ వినే ఉంటుంది. సాయంత్రం సభ మళ్ళీ కూడింది. ప్రసాదరావు గారు పద్ధతిగా మొదలుపెట్టారు. నేల సంగతి తేలింది కాబట్టి మిగతావి అడుగుతానని అరీఫ్ వైపు తిరిగారు. "ఈ చెట్లకు ఎవరి వంతు నీరు పారింది?"

హమద్ తన కర్రను ఒళ్ళో పెట్టుకుని గంభీరంగా జవాబిచ్చాడు. "ఎవరి వంతూ కాదు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు. ఫలజ్ లెక్కలో ఆ నీళ్ళు లేవు. నేను నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఒక్క దోసెడు కూడా కాలువ నుంచి దొంగిలించలేదు. దొంగిలిస్తే నేను వదిలేవాణ్ణా?"

"వదలడు, వదలడు" అన్నారు నలుగురైదుగురు.

"మరి కాయలు ఎవరు కోసుకున్నారు?"

ఇది మగవాళ్ళకు తెలిసిన సంగతి కాదు. కాయలు కోసేది ఆడవాళ్ళు. అప్పుడు వంటగది వైపు తలుపు చాటు నుంచి ఉమ్మ్ నాసర్ గొంతు వినిపించింది. అబూ నాసర్ హిందీలో తిరిగి చెప్పాడు; చెబుతూ చెబుతూ ఆయన ముఖం విచ్చుకుంది.

"కాయలు ఊళ్ళో ఆడవాళ్ళందరం కోశాం. ఎవరు వచ్చినా సుమినా రావద్దనదు. కోసిందంతా ఆమె ముందు పోయాలి. ఆమె చాప మీద కూచుని కుప్పలు పెట్టి, కోసినవాళ్ళకు వాటా ఇస్తుంది. ఐదు కుప్పల్లో ఒకటి. వాళ్ళ ఊళ్ళో వరికి అలాగే చేస్తారట. నేను కూడా కోశాను. నాకూ ఐదింట ఒకటే ఇచ్చింది, ఒక్క కాయ ఎక్కువ వేయలేదు. అవి నా మొగుడి చెట్లయితే, నా చెట్ల కాయల్లో నాకు వాటా ఇవ్వడానికి ఈమె ఎవరు? వాటా ఇచ్చేది ఆసామి. నేను తీసుకున్నాను. కాబట్టి అవి ఆమెవి."

హమద్ కర్రతో నేల మీద కొట్టాడు. "వల్లాహ్, దేవుడి తోడు, నా కోడలు కూడా ఆ వాటా నిమ్మకాయలు తెచ్చింది. ఎండబెట్టి పులుసులో వేసింది. నేను తిన్నాను."

"మా ఇంట్లోనూ తిన్నాం."

"మా ఇంట్లోనూ."

సాక్షులు చాలినంత మంది దొరికారు. సుమినా గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను చూసిందేమిటంటే, తన ఊరి నుంచి ఆమె వెంట తెచ్చుకున్నది వాటా ఇచ్చే అలవాటు ఒక్కటే. అక్కడ ఎప్పుడూ వాటా తీసుకునే వైపు కూచున్న మనిషి, ఇక్కడ ఇచ్చే వైపు కూచుంది. కూచున్నప్పుడు అది యజమాని చోటని ఆమెకు తోచలేదు.

అబూ నాసర్ ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. చెట్లు ఎవరివి?"

"నావి అంటే నేను వెళ్ళాలా బాబా?"

"ఎక్కడికి?" ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. నేను ఆయనకు కొబ్బరిచెట్టు సంగతి రెండు మాటల్లో చెప్పాను. ఆయన గడ్డం పట్టుకుని ఆలోచించాడు. "మా ఊళ్ళో చెట్టు ఉన్నవాడు వెళ్ళడు, చెట్టు ఉంది కాబట్టే ఉంటాడు. పైగా నువ్వు వెళితే కాఫీ ఎవరు కాస్తారు? నా భార్య కాసింది ఈ ముహందిస్‌లు తాగితే రోడ్డు నిజంగానే అవతలి ఒడ్డుకు పోతుంది."

తలుపు చాటు నుంచి దీనికి ఒక ఘాటైన జవాబు వచ్చింది. దాన్ని ఆయన అనువదించలేదు. గది అంతా గొల్లుమంది.

"నావి" అంది సుమినా. మొదట మెల్లగా, తర్వాత మల్లేశ్ "ఇనవడలే అక్కా" అని తెలుగులోనే అరిస్తే, అర్థం కాకపోయినా గట్టిగా, "నావి!" అంది.

ప్రసాదరావు గారు అక్కడికక్కడ పటానికి జతగా చెట్ల పట్టిక అని ఒక కొత్త కాగితం మొదలుపెట్టారు. నేల గడిలో అబూ నాసర్, చెట్టు గడిలో సుమినా, నీటి గడిలో 'వంటగది నీరు, వంతు లేదు'. అలాంటి నమోదు నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. వేలిముద్ర కోసం మల్లేశ్ సిరా మెత్త ముందుకు జరిపితే ఆమె పక్కకు నెట్టింది. కలం అడిగి, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా రాసింది. ఆ తర్వాత అబూ నాసర్ సంతకం చేశాడు. పటం మూతపడింది.

చెట్లు కొట్టే ముందు చివరి కోత జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళు, పిల్లలు, ఈసారి మా బృందం కూడా. ప్రసాదరావు గారు ప్యాంటు మడిచి ముళ్ళలోకి దిగి చేతులు గీసుకున్నారు. మల్లేశ్ కొలత కర్రతో పై కొమ్మలు వంచాడు. ప్రభుత్వ పరికరం అలా వాడకూడదని నేను అనలేదు. సుమినా చాప మీద కూచుని కుప్పలు పెట్టింది. మల్లేశ్ తన కుప్పలోకి ఇంకో రెండు కాయలు జరపబోతే చేతి మీద ఒకటి వేసింది. "గిదేం ఆసామి అన్నా! ఎంత పిసినారి!" అని వాడు ఏడుపు ముఖం పెట్టాడు. ఆ కాయలతో వాడు క్యాంపులో పచ్చిమిర్చి వేసి పెట్టిన తొక్కు అన్నంలోకి వారాల పాటు నడిచింది.

కాలువ వెంట, తోటల తోక చివర ఆమెకు చోటు ఇచ్చారు. హమద్ తన నీడ కర్ర దగ్గర ఒక చిన్న రాయి కొత్తగా పాతాడు. నీడ ఆ రాయిని దాటే కాసేపు కాలువ ఆమె మొక్కలది. మొదటిసారి నీరు వదిలినప్పుడు ఆమె కడిగిన బియ్యం నీళ్ళ కుండ కూడా తెచ్చి పోసింది. కొత్త నీళ్ళు అలవాటు లేవు కదా అని.

తొంభై ఆరులో రోడ్డు మట్టాలు సరిచూసే పని మీద మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. సుమినా అంతకు ముందే జావా వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెట్లను ఎవరికీ అమ్మలేదు. ఫలజ్ మరమ్మతుకు ఇచ్చేసింది. ఆ ఊళ్ళో అలా కాలువకే ఆస్తిగా రాసిన చెట్లు, నీటి వంతులు ఇంకా ఉన్నాయి. కోత వేళకు నేను అక్కడే ఉన్నాను. చాప మీద ఉమ్మ్ నాసర్ కూచుంది, దూరం నుంచే కనిపించింది. ఐదింట ఒక కుప్ప కోసినవాళ్ళకు, నాలుగు కాలువకు. వరి పండని ఆ కొండల్లో ఆ వరికోత ఆచారం మిగిలింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది పనికి సంబంధించినదే. భూమి కొలిచేటప్పుడు "ఇది ఎవరిది?" అని అడిగితే భయం, మర్యాద, మొహమాటం జవాబిస్తాయి. "పంట వచ్చినప్పుడు వాటాలు ఎవరు పెడతారు?" అని అడిగితే ఊరు జవాబిస్తుంది. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి పల్లెలో ఆ ప్రశ్న వేశాను. తగాదాలు పోలేదు గాని, తగ్గాయి.

ఈ జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టమని పట్టుబట్టిన సరోజకు, నేను మరిచిన సంగతులు ఫోన్లో గుర్తుచేసి మధ్యలో తన గొప్పలు కూడా కలిపిన మల్లేశ్ గౌడ్‌కు, గడికి అడ్డంగా రెండు గీతలు గీసే ధైర్యం చేసిన ప్రసాదరావు గారికి నా కృతజ్ఞతలు. తనది కానిదాని ఎదుట సంతకం చేయని అబూ నాసర్‌కు, వంటగది నీళ్ళకు కూడా లెక్క తెలిసిన అరీఫ్ హమద్‌కు, తలుపు చాటు నుంచి తీర్పు చెప్పిన ఉమ్మ్ నాసర్‌కు కృతజ్ఞతలు. సుమినాకు కూడా. కోతకు వెళ్ళిన నాకు ఆమె ఐదింట ఒక వాటా ఇచ్చింది, ఒక్క కాయ ఎక్కువ వేయలేదు.